మందు దట్టించి పేల్చే రైఫిల్: రేంజ్‌లో మొదటి రోజు ఏది ముందు, ఏది తర్వాత

"తుపాకీ బారు చేయడం" అనే మాట చిన్నప్పుడు మా తాతయ్య నోట విన్నాను. బారు అంటే ఏమిటో అప్పుడు తెలియదు. పెన్సిల్వేనియాలో ఒక క్లబ్ కాల్పుల రేంజ్‌లో నిలబడి, గొట్టం మూతిలోంచి నల్లటి తుపాకీ మందు పోసి, గుడ్డముక్కతో సహా సీసపు గుండును కర్రతో అడుగుదాకా దించిన రోజున తెలిసింది. మందు దట్టించడం, గజంతో కూరడం, రంజకం పెట్టడం... ఈ పనికి కావలసిన మాటలన్నీ మన తెలుగులో ఎప్పటి నుంచో ఉన్నాయి. పని మాత్రం మనలో చాలామంది చూసి ఉండరు. అమెరికాలో ఉంటూ ఈ మజిల్‌లోడర్ల (మూతి నుంచి నింపే తుపాకుల) మీద మనసు పడిన తెలుగువాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు, ఏది తర్వాత? ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను.

వరస అని ఊరికే అనడం లేదు. మామూలు రైఫిల్‌కి తూటా ఫ్యాక్టరీలో తయారై డబ్బాలో వస్తుంది. ఇక్కడ ప్రతి తూటానీ గొట్టం లోపల మీరే తయారు చేస్తారు. ఒక మెట్టు మరిచిపోతే తుపాకీ పేలదు. ఇంకో మెట్టు తప్పితే గొట్టం ఉబ్బిపోతుంది, చేతులు కూడా పోవచ్చు. అందుకే మొదటి రోజు గురి కుదిరిందా లేదా అని చూసుకోవద్దు. ప్రతిసారీ అదే వరసలో, అదే చేత్తో చేశానా అని మాత్రమే చూసుకోండి.

చట్టం సంగతి ముందు

అమెరికా ఫెడరల్ చట్టంలో మూతి నుంచి నింపే తుపాకులు చాలావరకు పురాతన ఆయుధాల కింద లెక్క, మామూలు తుపాకుల నిబంధనలు వాటికి వర్తించవు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. పెన్సిల్వేనియా పక్కనే ఉన్న న్యూజెర్సీలో వీటిని కొనాలన్నా ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు ఉండాల్సిందే. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. షాపులో అమ్మేశారు కాబట్టి పర్వాలేదు అనుకోకుండా, కొనేముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగండి. వేటకు వెళ్లాలనుకుంటే రాష్ట్రం పెట్టే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, లైసెన్సు వేరే. ఇక్కడ నేను చెప్పేది రేంజ్‌లో టార్గెట్ కొట్టడం గురించే.

ఇండియాలో చదువుతున్నవాళ్లకు: 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా నాటు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం. దయచేసి ఇది చదివి ఇంట్లో ఏదీ ప్రయత్నించవద్దు. మందు సొంతంగా తయారు చేయడం ఎక్కడున్నవాళ్లయినా చేయకూడని పని.

ఏ తుపాకీతో మొదలుపెట్టాలి

50 క్యాలిబర్ (అంటే గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం) క్యాప్‌లాక్ రైఫిల్‌తో. దీనికి హ్యామర్ పక్కవైపు ఉంటుంది. దాని కింద నిపుల్ అనే చిన్న ఉక్కు మొన, మధ్యలో సన్నటి రంధ్రం. ఆ మొన మీద 11వ నంబరు క్యాప్ అనే బుల్లి టోపీ తొడుగుతాం. హ్యామర్ టోపీని కొడితే పుట్టిన నిప్పు రంధ్రంలోంచి మందును చేరుతుంది.

పెన్సిల్వేనియాలో ఉండి చెకుముకి తుపాకీ (రాయి రాపిడి నిప్పుతో పేలేది) కాకుండా క్యాప్‌లాక్ కొనమంటే ఇక్కడి పాతకాపులు ఒప్పుకోరు. వాళ్ల అభిమానానికి కారణం ఉంది. 18వ శతాబ్దంలో లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్ పనివాళ్ల చేతుల్లోనే అమెరికన్ పొడుగు రైఫిల్ రూపుదిద్దుకుంది. కెంటకీ రైఫిల్ అని పేరు పడింది గానీ దాని పుట్టిల్లు ఇదే. 1974 నుంచి ఇక్కడ జింకల వేటకు చెకుముకి తుపాకులకు మాత్రమే అని ఒక సీజన్ ఉంది, క్రిస్మస్ మర్నాడు మొదలవుతుంది. అయినా నా మాట క్యాప్‌లాకే. చెకుముకిలో ట్రిగ్గర్ నొక్కగానే కంటికి ఎదురుగా భగ్గుమని మంట లేస్తుంది, ఆ తర్వాత గొట్టం పేలుతుంది. ఆ మంటకు బెదిరి తల తిప్పుకోవడం మొదట్లోనే అలవాటైతే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

పాత రైఫిల్ కొంటుంటే గొట్టం లోపల లైటు వేసి చూడండి. తడి గుడ్డను లోపలికి తోసి బయటికి లాగితే ఎక్కడైనా పట్టుకుంటోందంటే అక్కడ తుప్పు గుంటలు ఉన్నట్టే. ఇంకో విషయం, గొట్టం లోపల గుండును తిప్పడానికి చెక్కిన గాళ్ల మెలిక. గుండ్రటి గుండుకు నెమ్మదైన మెలిక కావాలి: 48 అంగుళాలకు ఒక చుట్టు, లేదా 60, 66 అంగుళాలకు ఒక చుట్టు. 28 అంగుళాలకు ఒక చుట్టు ఉన్న కొత్త తరహా ఇన్‌లైన్ రైఫిళ్లు పొడుగు బుల్లెట్ల కోసం చేసినవి, వాటి పద్ధతి వేరు.

కొనాల్సిన సామాను

మందు. ఇక్కడ పొరపాటుకు తావే లేదు. అసలైన బ్లాక్ పౌడర్, లేదా దాని బదులు వాడటానికే తయారుచేసిన పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటివి. అంతే. మామూలు తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా ఈ గొట్టంలో పడకూడదు, గొట్టం పేలిపోతుంది. మూత తీసిన డబ్బాలో నల్లగా కనిపించినంత మాత్రాన అది బ్లాక్ పౌడర్ కాదు. లేబుల్ లేని మందు ఎవరిచ్చినా తీసుకోవద్దు, ఎంత మంచి స్నేహితుడైనా సరే. బ్లాక్ పౌడర్‌లో గోయెక్స్, స్విస్ లాంటి బ్రాండ్లు ఉన్నాయి. రవ్వ, బొంబాయి రవ్వ, సన్నరవ్వ లాగా పలుకు సైజును బట్టి 1ఎఫ్, 2ఎఫ్, 3ఎఫ్, 4ఎఫ్ అని ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ పలుకు సన్నం, మంట వేగం. 50 క్యాలిబర్‌కు 2ఎఫ్ గానీ 3ఎఫ్ గానీ వాడతారు. 4ఎఫ్ చెకుముకి తుపాకీ పళ్లెంలో రంజకానికే, అంటే ముందు నిప్పంటుకునే మందుకే.

గుండు. మెత్తటి స్వచ్ఛమైన సీసంతో చేసిన 0.490 అంగుళాల గుండు. గొట్టం 0.500 అంగుళాలు కదా, మరి ఆ ఖాళీ ఎందుకు? గుడ్డ కోసం. 0.015 అంగుళాల మందం ఉన్న బిగువైన నూలు గుడ్డ గుండు చుట్టూ పట్టి, గొట్టంలోని గాళ్లను నింపుతుంది. గుండును తిప్పేది నిజానికి సీసం కాదు, ఆ గుడ్డే. ఇక్కడివాళ్లు దిండ్లకు వాడే చారల గుడ్డను ఇష్టపడతారు. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, ఉతికి ఆరబెట్టాకే వాడాలి. పాలిస్టర్ కలిసిన గుడ్డ వద్దు, వేడికి కరిగి గొట్టానికి అంటుకుంటుంది. ముందే కత్తిరించిన ప్యాచ్‌లు షాపులో దొరుకుతాయి, మొదట అవే కొనుక్కోండి.

ఇవి కాక మందు కొలిచే చిన్న ఇత్తడి గొట్టం, మందు ఉంచుకునే ఫ్లాస్క్, గుండును మూతిలోకి నొక్కడానికి బుడిపె పిడి ఉన్న పొట్టి కర్ర (షార్ట్ స్టార్టర్ అంటారు), గుండును అడుగుదాకా దించే గట్టి ర్యామ్‌రాడ్, గొట్టం తుడిచే గుడ్డను పట్టి ఉంచడానికి దాని కొనకు బిగించే జ్యాగ్, గుండు బయటికి లాగే స్క్రూ, నిపుల్ విప్పే రెంచి, నిపుల్ రంధ్రం పొడిచే సన్న తీగ. ర్యామ్‌రాడ్‌నే మన పాతవాళ్లు గజం అన్నారు. తుపాకీతో వచ్చే చెక్క గజాన్ని ముచ్చటగా చూసుకోవడానికి ఉంచి, రేంజ్‌కి గట్టిదొకటి వేరే కొనండి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. పగిలిన క్యాప్ ముక్కలు ఎటైనా ఎగురుతాయి.

ఇంట్లో చేయాల్సిన పని: గజం మీద గీత

రేంజ్‌కి వెళ్లేముందు రోజు ఇది చేయండి. నిపుల్ మీద క్యాప్ లేదని చూసి, మూతికి ఎదురుగా తల పెట్టకుండా గజాన్ని గొట్టంలోకి అడుగుదాకా దించండి. మూతి దగ్గర బొటనవేలు పెట్టి పట్టుకుని, గజాన్ని బయటికి తీసి గొట్టం పక్కన బయట ఆనించి చూడండి. గజం కొన దాదాపు నిపుల్ దాకా వస్తే గొట్టం ఖాళీ. రెండు అంగుళాల ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది. పాత తుపాకుల్లో ఏళ్ల తరబడి మందూ గుండూ అలాగే ఉండిపోవడం మామూలే. అలాంటిది దొరికితే ముట్టుకోవద్దు, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

ఖాళీ అని తేలాక గజాన్ని మళ్లీ దించి, మూతికి సమంగా గజం మీద చెరగని ఇంకుతో ఒక గీత గీయండి. ఇది ఖాళీ గీత. రేపు మొదటిసారి సరిగ్గా నింపాక రెండో గీత గీస్తారు, అది నిండు గీత. 50 గ్రెయిన్ల (మందును కొలిచే చిన్న ప్రమాణం) మందు, దాని మీద గుండు కలిపి గొట్టంలో సుమారు ఒకటిన్నర అంగుళం ఎత్తు తీసుకుంటాయి, కాబట్టి రెండు గీతల మధ్య దూరం దాదాపు అంత ఉంటుంది. నింపిన గొట్టం లోపలికి కంటితో చూడలేం. అందుకే లోపల ఏముందో చెప్పే కన్ను ఈ గజమే. నాకు తెలిసినంతలో కొత్తవాళ్లకు ఇంతకంటే విలువైన సలహా లేదు.

రేంజ్‌లో

తొలిసారి ఒంటరిగా వెళ్లకండి. మజిల్‌లోడర్లు కాల్చే క్లబ్‌లు చాలాచోట్ల ఉన్నాయి, 1933లో ఏర్పడిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే ఊళ్లో జాతీయ పోటీలే పెడుతుంది. కొత్తవాళ్లు వస్తే ఈ మనుషులు నిజంగా సంతోషపడతారు. నేను మొదటి రోజు వెళ్లినప్పుడు ఒక పెద్దాయన తన రైఫిల్ పక్కనపెట్టి మూడు గంటలు నాతోనే గడిపాడు.

రేంజ్ ఆఫీసర్‌కు మీది మజిల్‌లోడర్ అని ముందే చెప్పండి. మందు ఫ్లాస్క్ మూత ఎప్పుడూ మూసి ఉండాలి, కాల్చే బల్ల మీద కాకుండా వెనక్కి పెట్టాలి. దగ్గర్లో సిగరెట్ ఉండకూడదు.

మొట్టమొదట ఖాళీ గొట్టంతో క్యాప్‌లు పేల్చాలి. గొట్టంలో ముందే రాసి ఉంచిన నూనె ఉంటుంది కాబట్టి ముందు పొడి గుడ్డతో తుడవండి. తర్వాత నిపుల్ మీద క్యాప్ పెట్టి, టార్గెట్ల వైపే తిప్పి ఉంచి, మూతిని నేల మీది గడ్డిపోచకు జానెడు దూరంలో పట్టుకుని పేల్చండి. గడ్డిపోచ చటుక్కున వంగితే దారి తెరిచి ఉన్నట్టు. కదలకపోతే నిపుల్‌లోనో దాని వెనకో నూనె అడ్డుపడింది. తీగతో పొడిచి మళ్లీ ఒక క్యాప్ పేల్చండి. గడ్డిపోచ వంగేదాకా మందు పోయవద్దు. మొదటి గుండు పేలకపోవడానికి నూటికి తొంభై సార్లు కారణం ఈ నూనే అని మా పెద్దాయన అంటూ ఉంటాడు.

నింపే వరస

హ్యామర్ పూర్తిగా దించి, నిపుల్ మీద కొత్త క్యాప్ లేకుండా చూసుకోండి. తుపాకీ మడమ (భుజానికి ఆనించే వెనక భాగం) నేల మీద, రెండు పాదాల మధ్య. గొట్టం మీ ముఖానికి దూరంగా ముందుకు వంగి ఉండాలి. ఇక్కడి నుంచి చివరిదాకా మీ తల గానీ ఛాతీ గానీ మూతికి పైన రాకూడదు.

మందును ఫ్లాస్క్ నుంచి కొలత గొట్టంలోకి పోయండి. 50 క్యాలిబర్‌కు మొదటి రోజు 50 గ్రెయిన్లు చాలు. 7000 గ్రెయిన్లు ఒక పౌను, అంటే ఒక పౌను డబ్బా 140 సార్లకు వస్తుంది. బ్లాక్ పౌడర్‌ను తూకంతో కాక ఘనపరిమాణంతో కొలుస్తారు. ట్రిపుల్ సెవెన్ అదే కొలతకు ఎక్కువ బలం చూపిస్తుంది, అందుకే దాని తయారీదారు 15 శాతం తగ్గించి పోయమంటారు. మీ రైఫిల్ పుస్తకంలో గరిష్ఠ కొలత రాసి ఉంటుంది, దాన్ని దాటే పని ఎన్నడూ పెట్టుకోవద్దు. ఎక్కువ మందు పోస్తే ఎక్కువ గురి అనేది ఉత్త భ్రమ.

ఫ్లాస్క్ మూత మూసి దూరంగా పెట్టాక, కొలత గొట్టంలోంచి మాత్రమే మందును మూతిలో పోయండి. ఫ్లాస్క్ నుంచి నేరుగా పోస్తే, ముందు కాల్పు తాలూకు నిప్పురవ్వ ఒక్కటి లోపల మిగిలి ఉన్నా చేతిలోని ఫ్లాస్క్ మొత్తం బాంబు అయిపోతుంది. 50 గ్రెయిన్లు భగ్గుమంటే చెయ్యి కాలుతుంది, పౌను మందు భగ్గుమంటే మనిషే మిగలడు. పోశాక గొట్టాన్ని పక్కనుంచి అరచేత్తో రెండుసార్లు తట్టండి, మందు అడుగున సర్దుకుంటుంది.

ఇప్పుడు గుడ్డ. ప్యాచ్‌ను నోట్లో పెట్టుకుని తడిపేవాళ్లు ఉన్నారు, నేను సీసా నీళ్లతో తడుపుతాను. సీసం ముట్టుకున్న చేతిని నోటి దగ్గరికి తీసుకెళ్లడం నాకు ఇష్టం లేదు. ముందే కొవ్వు పట్టించిన ప్యాచ్‌లయితే ఆ పనీ లేదు. ప్యాచ్‌ను మూతికి నడిమధ్యన పరిచి, దాని మీద గుండు పెట్టండి. గుండుకు పోత పోసినప్పుడు మిగిలిన చిన్న బొడిపె ఉంటే అది పైకి, సరిగ్గా మధ్యలో ఉండాలి. షార్ట్ స్టార్టర్ బుడిపెతో ఒక్క నొక్కు, గుండు మూతికి సమంగా దిగుతుంది. దాని పొడుగు కొనతో ఇంకో నొక్కు, నాలుగైదు అంగుళాలు లోపలికి పోతుంది.

ఇక గజం. గజాన్ని మూతికి జానెడు ఎత్తులోనే పట్టుకుని, కొంచెం కొంచెంగా తోయండి. చెయ్యి పైకి జరుపుకోవడం, మళ్లీ జానెడు తోయడం. పై కొన పట్టుకుని ఒక్కసారిగా బలం పెడితే చెక్క గజం విల్లులా వంగి విరుగుతుంది, విరిగిన ముక్క అరచేతిలోంచి దూసుకుపోతుంది. గుండు మందును తాకినప్పుడు చేతికి తెలుస్తుంది: అప్పటిదాకా మెత్తగా జారుతున్నది ఒక్కసారిగా గట్టిగా నిలబడిపోతుంది. అక్కడ ఒక స్థిరమైన ఒత్తు ఇచ్చి ఆపండి. గజంతో దంచకండి. ప్రతిసారీ అదే ఒత్తు ఉంటే గుండ్లు టార్గెట్ మీద దగ్గరదగ్గరగా పడతాయి.

మొదటిసారి అయితే ఇప్పుడే నిండు గీత గీయండి. తర్వాత ప్రతిసారీ ఆ గీత మూతికి సమంగా వచ్చిందో లేదో కళ్లారా చూడాలి. గీత పైన ఉంటే గుండు మందును తాకలేదని అర్థం. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ వదిలి పేలిస్తే గొట్టం అక్కడ ఉంగరంలా ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. గీత కిందికి దిగిపోతే మందు పోయలేదని, లేదా తక్కువ పోశారని. ఏదో తేడా ఉందనిపిస్తే ఊహించుకుని పేల్చవద్దు. గజాన్ని గొట్టంలో మరిచిపోయి పేల్చినవాళ్లూ ఉన్నారు, అందుకే చూశాక గజం తీసి ఎప్పుడూ ఒకే చోట పెట్టండి, కంటికి కనిపించేలా.

ఈ మొత్తం పనిలో ఎవరైనా పలకరిస్తే "ఒక్క నిమిషం" అనండి, మర్యాదకు పోవద్దు. నేను మొదలుపెట్టిన రెండో నెలలో, మందు పోయబోతుండగా వెనకనుంచి ఎవరో టైమెంత అని అడిగారు. తిరిగి జవాబు చెప్పి, మందు పోసేశాననుకుని గుండు దించేశాను. గజం మీద గీత అంగుళం కిందికి దిగి కనిపిస్తుంటే అప్పుడు తెలిసింది. ఆ గీతే లేకపోతే క్యాప్‌లు ఒకదాని తర్వాత ఒకటి పేలుస్తూ, ఎందుకు పేలడం లేదా అని తల పట్టుకునేవాణ్ని.

పేల్చడం

క్యాప్ పెట్టేది రేంజ్‌లో కాల్చేవాళ్లు నిలబడే చోటికి వచ్చి, మూతి టార్గెట్ వైపు ఉన్నాకే. హ్యామర్‌ను సగం ఎత్తి, క్యాప్‌ను నిపుల్ మీద గట్టిగా కూర్చోబెట్టండి. సగం ఎత్తిన హ్యామర్‌ను భద్రం అనుకోవద్దు, పాత తుపాకుల్లో అది జారవచ్చు. హాకెన్ అనే పాత నమూనా తరహా రైఫిల్‌కి రెండు ట్రిగ్గర్లు ఉంటాయి. వెనకది నొక్కితే ముందుది ఎంత సున్నితమవుతుందంటే, వేలు తగిలీ తగలకుండానే పేలుతుంది. మొదటి రోజు వెనక ట్రిగ్గర్ జోలికి పోకపోవడమే మంచిది.

మడమకు నెలవంకలాంటి ఇత్తడి రేకు ఉంటే దాన్ని భుజం గుంటలో కాక, కొంచెం బయటికి, దండచేతి మొదట్లో ఆనించాలి. గుంటలో పెడితే రెండు కొనలూ గుచ్చుకుంటాయి. 25 గజాల (యార్డుల) దూరంలో పెద్ద కాగితం పెట్టుకోండి. హ్యామర్ పూర్తిగా ఎత్తి, ఊపిరి సగం వదిలి, ట్రిగ్గర్‌ను నెమ్మదిగా నొక్కండి. పేలాక కూడా గురి అలాగే పట్టి ఉంచాలి. దెబ్బ ఎదురుకొట్టినట్టు ఉండదు, భుజాన్ని తోసినట్టు ఉంటుంది. తెల్లటి పొగ లేచి టార్గెట్ కాసేపు కనిపించదు. ఆ పొగ వాసన అచ్చం దీపావళి రాత్రి మన వీధిలో వచ్చే గంధకం వాసనే. నాకు మొదటిసారి ఆ వాసన తగిలినప్పుడు కళ్లు చెమర్చాయి.

నొక్కినా పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి, మనసులో అరవై దాకా లెక్కపెట్టండి. లోపల నిప్పు నెమ్మదిగా రాజుకుంటూ ఉండవచ్చు. లెక్క పూర్తయ్యాక కొత్త క్యాప్ పెట్టి చూడండి. మళ్లీ పేలకపోతే మళ్లీ అరవై, ఆ తర్వాత నిపుల్‌ను తీగతో పొడిచి ఇంకో క్యాప్. అప్పటికీ కాకపోతే రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి. మందు లేకుండా గుండు దిగిపోయిన సందర్భంలో నిపుల్ విప్పి కాసింత సన్న మందు లోపలికి రాల్చి, గుండును గజంతో మళ్లీ అడుగుదాకా తోసి, టార్గెట్ వైపే పేల్చి బయటికి పంపుతారు. గ్యాస్‌తో బయటికి నెట్టే పరికరమూ ఉంది. మొదటిసారి మీ అంతట మీరు చేయకుండా ఒకరు చేస్తుంటే చూసి నేర్చుకోండి.

మళ్లీ నింపేముందు

ఒక నిమిషం ఆగి, తడి ప్యాచ్ ఒకటి జ్యాగ్‌కి పెట్టి గొట్టంలో ఒకసారి దించి తీయండి, తర్వాత పొడిది ఒకటి. తడిది మిగిలిన నిప్పురవ్వను ఆర్పుతుంది, మసినీ తీస్తుంది. ఇలా తుడవకుండా నాలుగైదుసార్లు కాలిస్తే మసి పేరుకుని గుండు సగంలో ఇరుక్కుపోతుంది.

ఇంతలో టార్గెట్ దాకా వెళ్లే అనుమతి దొరికితే, దారిలో పడి ఉన్న మీ ప్యాచ్‌లు ఏరుకోండి. మూతి నుంచి పది పదిహేను గజాల లోపే దొరుకుతాయి. కొత్తవాళ్లు గుండు పడ్డ చోటే చూస్తారు, పెద్దవాళ్లు ప్యాచ్ చూస్తారు. మధ్యలో గుండ్రంగా మసి, చుట్టూ గుడ్డ చెక్కుచెదరకుండా ఉంటే అంతా సరిగ్గా ఉంది. మధ్యలో కాలి చిల్లు పడితే గుడ్డ పలచన, లేదా తడి చాలలేదు. అంచుల్లో వరసగా బ్లేడుతో కోసినట్టు చీలికలుంటే కొత్త గొట్టం గాళ్లు ఇంకా పదునుగా ఉన్నాయి. కొన్ని పదుల గుండ్లు కాల్చేసరికి అవి నునుపెక్కుతాయి.

గుండ్లు ఒకే చోట పడుతున్నాయి గానీ పక్కకు పడుతున్నాయంటే వెనక సైటును గుండు ఎటు పోవాలో అటు జరపాలి. కానీ కనీసం అయిదు గుండ్లు చూడకుండా సైటు ముట్టుకోవద్దు. 25 గజాల్లో కుదిరాక 50 గజాలకు వెళ్లండి. మొదటి రోజుకు పదిహేను ఇరవై గుండ్లు చాలు. అలసిపోయిన చేయి వరస మరిచిపోతుంది. ఇంటికి బయల్దేరేముందు గొట్టం ఖాళీగా ఉందని గజంతో మళ్లీ చూసుకోండి. ఏమైనా తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఆ రాత్రే కడగాలి

బ్లాక్ పౌడర్ కాలాక మిగిలే బూడిదలో పొటాషియం లవణాలు ఉంటాయి. ఉప్పు డబ్బా వర్షాకాలంలో చెమ్మగిల్లినట్టు అవి గాలిలోని తేమను లాగి గొట్టానికి అంటిస్తాయి. ఒకసారి రేంజ్ నుంచి వచ్చేసరికి ఆఫీసు కాల్ ఉందని తుపాకీని మూల పెట్టి పడుకున్నాను. పొద్దున్నే గొట్టంలోకి దించిన తెల్ల గుడ్డ ఇటుక రంగులో బయటికి వచ్చింది. ఆ గొట్టంలో మూతికి ఆరు అంగుళాల లోపల గరుకు ఇప్పటికీ ఉంది, గుడ్డ అక్కడ పట్టుకున్నప్పుడల్లా చేతికి తెలుస్తుంది.

కడగడం కష్టమేమీ కాదు. బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బు. నిపుల్ విప్పి ఆ నీళ్లలో వేయండి. గొట్టం ఊడి వచ్చే రైఫిల్ అయితే దాని వెనక భాగాన్ని బకెట్‌లో ముంచి, జ్యాగ్‌కి గుడ్డ పెట్టి పైనుంచి పంపు కొట్టినట్టు ఆడించండి. నీళ్లు లోపలికీ బయటికీ పోతూ నల్లగా మారతాయి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. భయపడకండి, అది గంధకమే. నీళ్లు మార్చి మళ్లీ. గుడ్డ తెల్లగా వచ్చాక మంచినీళ్లతో కడిగి, పొడి గుడ్డలు ఒకదాని తర్వాత ఒకటి దించండి. మామూలుగా నాకు ఆరేడు పడతాయి. తర్వాత పలచగా నూనె రాయండి, నిపుల్ మరలకు కాస్త గ్రీజు పెట్టి బిగించండి. లాక్ (హ్యామర్‌ను ఆడించే పక్క భాగం) కూడా విప్పి తుడవాలి, హ్యామర్ కింద మసి దాక్కుంటుంది.

మందును అది వచ్చిన డబ్బాలోనే, చల్లటి పొడి చోట, క్యాప్‌లకు దూరంగా, పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచండి. వేసవిలో కారు డిక్కీలో వదిలేయవద్దు.

మర్నాడు సాయంత్రం గొట్టంలో మళ్లీ ఒక పొడి గుడ్డ దించి చూడండి. బూడిద రంగు మరక వస్తే నూనెతో ఇంకోసారి తుడిస్తే సరిపోతుంది. గోధుమ రంగు కనిపిస్తే మాత్రం మళ్లీ బకెట్ దగ్గరికే.